కరెంటు పోయినా రాసిన డేటా నిలవాలంటే: సర్వర్‌లో డిస్క్ కంట్రోలర్, రైట్ క్యాష్ సెట్టింగులు ఎలా చేయాలి

సర్వర్‌లో డేటాబేస్ నడుస్తోంది. లావాదేవీ పూర్తయిందని అప్లికేషన్‌కు జవాబు వచ్చింది. అర సెకను తర్వాత కరెంటు పోయింది. మెషిన్ మళ్లీ లేచాక ఆ లావాదేవీ డిస్క్ మీద ఉంటుందా, ఉండదా? సర్వర్ నడిపే ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నకు రుజువుతో సహా జవాబు చెప్పగలగాలి. చాలా చోట్ల రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) పెట్టాం కదా, యూపీఎస్ ఉంది కదా అనే ధీమా తప్ప రుజువు ఉండదు. రెయిడ్ ఉన్నది డిస్క్ చెడిపోతే ఆదుకోవడానికి. యూపీఎస్ ఉన్నది కాస్త టైమ్ ఇవ్వడానికి. మధ్యలో క్యాష్‌లో, అంటే డిస్క్‌కు చేరేముందు డేటా కాసేపు ఆగే మెమరీలో, కూర్చున్న డేటా సంగతి ఈ రెండింటికీ పట్టదు.

రైట్ క్యాష్ చెడ్డదని నేను అనడం లేదు. అది లేకపోతే హార్డ్ డిస్కుల మీద డేటాబేస్ నత్తనడక నడుస్తుంది. కరెంటు పోతే చెరిగిపోయే చోట డేటాను ఉంచుకుని "రాసేశాను" అని పైకి చెప్పడమే అసలు ప్రమాదం. అందుకే కింద చెప్పే పనులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. దారిలో ఉన్న ఒక్కో క్యాష్ దగ్గర ఆగి, కరెంటు పోతే దీన్ని కాపాడేది ఏమిటని అడగాలి. జవాబు దొరకని క్యాష్‌ను ఆపేయాలి. లేదా పైనుంచి వచ్చే ఫ్లష్ (క్యాష్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసెయ్ అనే) ఆదేశాన్ని అది నిజంగా పాటిస్తోందని తేల్చుకోవాలి.

1. డేటా ఎక్కడెక్కడ ఆగుతుందో ముందు కాగితం మీద గీసుకోండి

అప్లికేషన్ ఒక ఫైల్లో రాసింది అనుకోండి. ఆ రాత మొదట ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో, అంటే పేజ్ క్యాష్‌లో ఆగుతుంది. మామూలు సెట్టింగుల్లో లైనక్స్ అలాంటి పేజీని దాదాపు 30 సెకన్ల వరకు అక్కడే ఉంచుకోగలదు. అక్కడి నుంచి ఫైల్ సిస్టమ్, బ్లాక్ లేయర్ దాటి, డిస్కులను నడిపే కంట్రోలర్‌కు వెళ్తుంది. రెయిడ్ కంట్రోలర్ అయితే దానికి సొంత మెమరీ ఉంటుంది, రాత అక్కడ మరోసారి ఆగుతుంది. చివరికి డిస్క్‌కు చేరినా, డిస్క్‌లో కూడా చిన్న మెమరీ ఉంటుంది. అయస్కాంత పళ్లెం మీదకో ఫ్లాష్ చిప్‌లోకో వెళ్లేదాకా డేటా అందులోనే.

ఈ దారి మొత్తాన్ని దాటించడానికి అప్లికేషన్ చేతిలో ఉన్న ఆయుధం ఎఫ్‌సింక్. డేటాబేస్ కమిట్ చేసినప్పుడు ఎఫ్‌సింక్ పిలుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ తన పేజీలను కిందకు పంపి, ఆ తర్వాత డిస్క్‌కు ఫ్లష్ ఆదేశం ఇస్తుంది. డిస్కులను కలిపే పద్ధతులైన సాటా, శాస్, ఎన్‌వీఎంఈ మూడింటిలోనూ ఈ ఆదేశం ఉంది, పేర్లే వేరు. డిస్క్ తన క్యాష్ ఖాళీ చేసి సరే అన్నాకే ఎఫ్‌సింక్ తిరిగి వస్తుంది. ఈ గొలుసులో ఒక్క లంకె అబద్ధం చెప్పినా పైవాళ్లందరూ మోసపోతారు.

పోయేది ఎంత? చివరి కొన్ని సెకన్ల డేటాయే కదా అనిపిస్తుంది. అసలు నష్టం అంతకన్నా పెద్దది, ఎందుకంటే క్యాష్ వరుస తప్పిస్తుంది. డిస్క్ తనకు సౌకర్యంగా ఉన్న వరుసలో బ్లాకులు రాసుకుంటుంది, దానివల్లే వేగం వస్తుంది. కానీ ఫైల్ సిస్టమ్ జర్నల్ (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) మొత్తం వరుస మీదే ఆధారపడి ఉంటుంది. ముందు జర్నల్ వివరాలు పడాలి, తర్వాతే "కమిట్ అయింది" అనే బ్లాక్ పడాలి. మధ్యలో ఫ్లష్ లేకపోతే కమిట్ బ్లాక్ ముందే డిస్క్‌కు చేరి, వివరాలు క్యాష్‌లోనే పోవచ్చు. మళ్లీ బూట్ అయ్యాక ఫైల్ సిస్టమ్ ఆ జర్నల్‌ను నమ్మి, సగం చెత్తను అసలు స్థానాల్లో రాసేస్తుంది. అప్పుడు నెల క్రితం రాసిన, ఎవరూ ముట్టుకోని ఫైళ్లు కూడా దెబ్బతినవచ్చు. జర్నల్ బ్లాకులకు చెక్‌సమ్‌లు (డేటా సరిగ్గా ఉందో లేదో సరిచూసే అంకెలు) ఉన్న ఫైల్ సిస్టమ్‌లలో ఈ తేడా కొంతవరకు పట్టుబడుతుంది. కానీ పట్టుబడినంత మాత్రాన పోయిన డేటా తిరిగి రాదు.

2. మీ దగ్గర ఏ కంట్రోలర్ ఉందో తేల్చుకోండి

లైనక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కంట్రోలర్ పేరు చెబుతుంది. మీది ఈ మూడు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

మొదటిది మదర్‌బోర్డ్ మీద ఉండే సాటా పోర్టులు లేదా మామూలు హెచ్‌బీఏ కార్డు. ఇవి డిస్కులను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తాయి, సాధారణంగా సొంత రైట్ క్యాష్ ఉండదు. రెండోది అసలైన హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు. దాని మీద ప్రాసెసర్, మెమరీ, బాగుంటే బ్యాటరీ లేదా సూపర్ కెపాసిటర్ ఉంటాయి. బ్రాడ్‌కామ్ మెగారెయిడ్, డెల్ పెర్క్, హెచ్‌పీఈ స్మార్ట్ అరే ఈ జాతివే. మూడోది మదర్‌బోర్డ్ బయోస్‌లో రెయిడ్ అని కనిపించేది. అది నిజానికి డ్రైవర్ చేసే సాఫ్ట్‌వేర్ రెయిడ్, దానికి కాపుదల ఉన్న క్యాష్ ఉండదు. సర్వర్‌కు ఈ మూడోదాన్ని నేను సిఫారసు చేయను. దాని బదులు బయోస్‌లో సాటాను ఏహెచ్‌సీఐ మోడ్‌లో పెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే రెయిడ్ వాడండి. బోర్డు కాలిపోయినా ఆ డిస్కులను ఇంకో మెషిన్‌లో పెట్టి చదువుకోవచ్చు.

బయోస్‌లో పాత ఐడీఈ మోడ్ పెట్టి ఉంటే అదీ మార్చాలి. ఆ మోడ్‌లో ఒకేసారి 32 ఆదేశాలు డిస్క్‌కు ఇచ్చే ఎన్‌సీక్యూ పనిచేయదు. కాకపోతే విండోస్ ఇన్‌స్టాల్ అయిపోయాక ఊరికే మోడ్ మార్చేస్తే బూట్ కాకుండా నీలి తెర రావచ్చు. కొత్త మోడ్ డ్రైవర్ బూట్ సమయానికి లోడ్ అయ్యేలా చూసుకున్నాకే మార్చండి.

3. రెయిడ్ కార్డు క్యాష్ పాలసీ

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ఒక్కో వర్చువల్ డిస్క్‌కు (కార్డు కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా చూపించేది) రాత విషయంలో మూడు ఎంపికలు కనిపిస్తాయి.

రైట్ త్రూ: డేటా డిస్క్‌కు వెళ్లాకే కార్డు సరే అంటుంది. కార్డు మెమరీ వరకు భయం లేదు, వేగం తక్కువ.

రైట్ బ్యాక్: కార్డు మెమరీలో పడగానే సరే అంటుంది. బ్యాటరీ లేకపోయినా, చార్జ్ తగ్గినా తనంతట తానే రైట్ త్రూకు మారిపోతుంది. సర్వర్‌కు సరైన ఎంపిక ఇదే.

ఆల్వేస్ రైట్ బ్యాక్: బ్యాటరీ ఉన్నా లేకపోయినా రైట్ బ్యాకే. పెర్క్ కార్డుల్లో దీన్ని ఫోర్స్ రైట్ బ్యాక్ అంటారు. హెచ్‌పీఈ కార్డుల్లో నో బ్యాటరీ రైట్ క్యాష్ అనే సెట్టింగ్ కూడా ఇదే పని చేస్తుంది. ఎప్పుడో వేగం తగ్గిందని ఎవరో ఆన్ చేసి, మర్చిపోయి వెళ్లిపోయిన సర్వర్లు ఉంటాయి. మీ సర్వర్‌లో ఇది కనిపిస్తే ఈ రోజే మార్చండి.

మెగారెయిడ్ జాతి కార్డులకు స్టోర్‌సీఎల్ఐ అనే టూల్, హెచ్‌పీఈ వాటికి ఎస్ఎస్ఏసీఎల్ఐ అనే టూల్ ఉంటుంది. ముందు చూపించు అనే కమాండ్‌తో ఇప్పుడున్న స్థితి మొత్తం ఒక ఫైల్లో దాచుకోండి, ఆ తర్వాతే మార్పులు. మెగారెయిడ్‌లో పెట్టిన పాలసీ, నడుస్తున్న పాలసీ అని రెండు వేర్వేరుగా కనిపిస్తాయి. మీరు రైట్ బ్యాక్ పెట్టినా, నడుస్తున్నది రైట్ త్రూ అని చూపిస్తుంటే బ్యాటరీకి ఏదో అయిందని అర్థం. పెట్టింది మాత్రమే చూసి వదిలేయకండి.

తర్వాత బ్యాటరీ. పాత కార్డుల్లో లిథియం బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు అది కార్డు మెమరీకి కరెంటు ఇస్తూ డేటాను నిలబెడుతుంది, మామూలుగా రెండు మూడు రోజులు. సర్వర్ అంతకంటే ఎక్కువ కాలం ఆగి ఉంటే ఆ డేటా పోయినట్టే. కొత్త కార్డుల్లో సూపర్ కెపాసిటర్, దానితోపాటు ఫ్లాష్ ఉంటాయి. కరెంటు పోగానే కెపాసిటర్‌లో ఉన్న శక్తితో మెమరీలోని డేటా మొత్తం ఫ్లాష్‌లోకి కాపీ అవుతుంది. ఆ తర్వాత మెషిన్ ఎన్ని రోజులు ఆగి ఉన్నా దిగులు లేదు. కొత్తగా కొనేటప్పుడు రెండోదే అడగండి.

బ్యాటరీలు కొన్నేళ్లలో అరిగిపోతాయి. దాని ఆరోగ్యం తెలుసుకోవడానికి కార్డు అప్పుడప్పుడు లెర్న్ సైకిల్ నడుపుతుంది, అంటే బ్యాటరీని ఖాళీ చేసి మళ్లీ నింపి కొలుస్తుంది. చాలా కార్డుల్లో ఆ సమయమంతా క్యాష్ రైట్ త్రూకు పడిపోతుంది. కారణం తెలియని వాళ్లకు ఉన్నట్టుండి పట్టపగలు డేటాబేస్ మందగించినట్టు కనిపిస్తుంది. టెన్షన్‌లో ఎవరో ఆల్వేస్ రైట్ బ్యాక్ ఆన్ చేసేది కూడా సరిగ్గా అప్పుడే. కాబట్టి లెర్న్ సైకిల్‌ను రద్దీ లేని వేళకు మార్చుకోండి, ఆ తేదీ మీ క్యాలెండర్‌లో రాసుకోండి.

రీడ్ అహెడ్, స్ట్రైప్ సైజ్ లాంటివి వేగానికి సంబంధించిన విషయాలు, నమ్మకానికి కాదు. వాటిని కార్డు ఇచ్చినట్టే వదిలేసినా కొంప మునగదు.

4. డిస్క్ సొంత క్యాష్

కార్డు బ్యాటరీ కాపాడేది కార్డు మెమరీని మాత్రమే. డిస్కుల లోపలి మెమరీకి దానితో సంబంధం లేదు. కార్డు డేటాను డిస్క్‌కు ఇచ్చి, డిస్క్ సరే అనగానే తన దగ్గరి కాపీ తీసేస్తుంది. ఆ డిస్క్ ఆ డేటాను ఇంకా తన క్యాష్‌లోనే పెట్టుకుని ఉంటే? కరెంటు పోతే రెండు చోట్లా లేదు. పైనుంచి వచ్చిన ఫ్లష్‌ను బ్యాటరీ ఉన్న కార్డు తన దగ్గరే సరే అనేస్తుంది, డిస్కుల దాకా పంపుతుందన్న హామీ లేదు. అందుకే హార్డ్‌వేర్ రెయిడ్ కింద హార్డ్ డిస్కుల సొంత క్యాష్‌ను ఆపేయాలి. స్టోర్‌సీఎల్ఐలో దీనికి పీడీ క్యాష్ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని డిఫాల్ట్ అని కాకుండా ఆఫ్ అని స్పష్టంగా పెట్టండి. డిఫాల్ట్ అంటే ఏమిటో కార్డునుబట్టి, డిస్క్‌నుబట్టి మారుతుంది.

కార్డు లేకుండా డిస్కులు నేరుగా ఉంటే పరిస్థితి వేరు. కెర్నల్ పంపే ఫ్లష్ సూటిగా డిస్క్‌కే చేరుతుంది కాబట్టి, ఫ్లష్‌ను నిజాయితీగా పాటించే డిస్క్ అయితే క్యాష్ ఆన్‌లో ఉన్నా ఫైల్ సిస్టమ్ భద్రమే. అనుమానం ఉంటే ఆపేయండి. సాటా డిస్క్‌కు హెచ్‌డీపార్మ్ కమాండ్‌లో పెద్ద అక్షరం డబ్ల్యూ ఆప్షన్ ఉంది. ఊరికే ఇస్తే ప్రస్తుత స్థితి చెబుతుంది, పక్కన సున్నా ఇస్తే క్యాష్ ఆపుతుంది. శాస్ డిస్కులకు ఎస్‌డీపార్మ్‌లో డబ్ల్యూసీఈ అనే బిట్ చూడాలి. దాన్ని తీసేసి, సేవ్ ఆప్షన్ కూడా ఇస్తే డిస్క్‌లోనే నిలుస్తుంది. సాటాలో పెట్టిన మార్పు రీబూట్ తర్వాత నిలవకపోవచ్చు, కాబట్టి యూడెవ్ (డిస్క్ కనిపించగానే లైనక్స్ చేయాల్సిన పనులు చూసేది) రూల్‌లోనో బూట్ స్క్రిప్ట్‌లోనో పెట్టండి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. సిస్ ఫైల్ సిస్టమ్‌లో బ్లాక్ కింద, ఆ డిస్క్ పేరున్న డైరెక్టరీలో, క్యూ లోపల రైట్ క్యాష్ అనే ఫైలు కనిపిస్తుంది. అందులో రైట్ బ్యాక్ అనో రైట్ త్రూ అనో ఉంటుంది. రైట్ త్రూ అని అందులో రాస్తే డిస్క్ క్యాష్ ఆగిపోతుందని కొందరు అనుకుంటారు. ఆగదు. అక్కడ మారేది డిస్క్ గురించి కెర్నల్ అనుకునే మాట ఒక్కటే. ఈ డిస్క్‌కు క్యాష్ లేదు అని కెర్నల్ నమ్మి, ఫ్లష్ పంపడం మానేస్తుంది. క్యాష్ మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. భద్రత కోసం చేసిన మార్పు ఉన్న భద్రతను తీసేస్తుంది. ఆ ఫైలును చదవడానికే వాడండి.

ఎస్ఎస్‌డీల విషయంలో సెట్టింగ్ కంటే కొనుగోలు ముఖ్యం. సర్వర్ తరగతి ఎస్ఎస్‌డీల్లో పవర్ లాస్ ప్రొటెక్షన్ అనే ఏర్పాటు ఉంటుంది. బోర్డు మీద వరుసగా కెపాసిటర్లు ఉంటాయి, కరెంటు పోయాక క్యాష్‌లో ఉన్నదాన్ని ఫ్లాష్‌లోకి దించడానికి సరిపడా శక్తి వాటిలో ఉంటుంది. అలాంటి ఎస్ఎస్‌డీ ఫ్లష్‌కు వెంటనే సరే అన్నా అది అబద్ధం కాదు, వేగం కూడా అందుకే బాగుంటుంది. మామూలు కంప్యూటర్లకు అమ్మే ఎస్ఎస్‌డీల్లో చాలావాటికి ఈ ఏర్పాటు ఉండదు. పెట్టె మీద వేగం లక్షల్లో రాసి ఉన్నా, ప్రతి రాతకూ ఎఫ్‌సింక్ ఇచ్చి చూస్తే చతికిలబడతాయి. ఇంకో సంగతి, ఎస్ఎస్‌డీ తన లోపలి చిరునామాల పట్టికను కూడా మెమరీలో పెట్టుకుంటుంది. కరెంటు కోత ఆ పట్టికను దెబ్బతీస్తే, ఎప్పుడో రాసిన డేటా కూడా చేతికి రాకపోవచ్చు. డేటాబేస్ సర్వర్‌కు పవర్ లాస్ ప్రొటెక్షన్ లేని ఎస్ఎస్‌డీ కొనవద్దు. బడ్జెట్ తక్కువైతే సైజు తగ్గించుకోండి, ఈ ఒక్క గుణం మాత్రం వదులుకోకండి. ఎన్‌వీఎంఈ డ్రైవ్ తనకు చెరిగిపోయే క్యాష్ ఉందో లేదో కంట్రోలర్ వివరాల్లో వీడబ్ల్యూసీ అనే చోట చెబుతుంది. పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్నవి సాధారణంగా లేదు అనే చెబుతాయి.

విండోస్ సర్వర్‌లో డివైస్ మేనేజర్‌లో డిస్క్ ప్రాపర్టీస్ తెరిచి పాలసీస్ ట్యాబ్ చూడండి. రెండు చెక్‌బాక్సులు ఉంటాయి. పైది డిస్క్ రైట్ క్యాష్‌ను ఆన్ చేసేది. కిందది ఫ్లష్ పంపడమే ఆపేయించేది. కిందదాన్ని టిక్ చేయకండి, కాపుదల ఉన్న క్యాష్ అని ఖాయంగా తెలిస్తే తప్ప. యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లో యూజర్ల ఖాతాలు చూసే సర్వర్) అయితే తన డేటాబేస్ ఉన్న డిస్క్‌కు రైట్ క్యాష్‌ను తానే ఆపడానికి ప్రయత్నిస్తుంది. ఆ మెషిన్‌లో కాపీలు నెమ్మదిగా సాగుతుంటే అది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు.

5. ఫైల్ సిస్టమ్, డేటాబేస్ సెట్టింగులు

లైనక్స్‌లో ఏ ఫైల్ సిస్టమ్‌ను ఎలా మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్ఎస్‌టాబ్ ఫైలు తెరిచి నోబ్యారియర్ అని గానీ, బ్యారియర్ పక్కన సున్నా అని గానీ ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి, అది ఫైల్ సిస్టమ్ ఫ్లష్ పంపడాన్ని ఆపేస్తుంది. ఒకప్పుడు బ్యాటరీ ఉన్న కార్డుల మీద వేగం కోసం అలా పెట్టమని సలహాలు ఉండేవి. ఇప్పుడు ఆ లాభం లేదు, కాపుదల ఉన్న కార్డు ఫ్లష్‌కు ఎలాగూ వెంటనే జవాబు ఇస్తుంది. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అయితే ఆ ఆప్షన్‌ను లైనక్స్ 4.19లో పూర్తిగా తొలగించారు.

మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ లాగ్ ఫ్లష్‌కు సంబంధించిన సెట్టింగ్ 1 అని, సింక్ బిన్‌లాగ్ కూడా 1 అని ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఎఫ్‌సింక్ ఆన్‌లో, ఫుల్ పేజ్ రైట్స్ ఆన్‌లో ఉండాలి. వేగం తప్పనిసరిగా కావాలంటే సింక్రనస్ కమిట్‌ను ఆపవచ్చు. దాంతో చివరి కొద్ది లావాదేవీలు పోవచ్చు గానీ డేటాబేస్ చెడిపోదు. ఎఫ్‌సింక్ ఆపితే డేటాబేసే చెడిపోవచ్చు. ఈ రెండింటికీ తేడా తెలియక ఒకదాని బదులు ఇంకోటి ఆపేసేవాళ్లను చూసి బాధ కలుగుతుంది.

డేటాబేస్ వెర్షన్ పాతదైతే మార్చడానికి ఇంకో కారణం ఉంది. డిస్క్ లోపం వల్ల ఎఫ్‌సింక్ విఫలమైతే లైనక్స్ ఒకసారి ఎర్రర్ చెప్పి, ఆ పేజీలను శుభ్రంగా ఉన్నట్టు లెక్కేసేది. డేటాబేస్ మళ్లీ ఎఫ్‌సింక్ పిలిస్తే ఈసారి సరే అని వచ్చేది, డేటా మాత్రం డిస్క్ మీద లేదు. 2018లో పోస్ట్‌గ్రెస్ బృందం దీన్ని గుర్తించింది. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా పోస్ట్‌గ్రెస్ వెంటనే ఆగిపోయి, లాగ్ నుంచి మళ్లీ కోలుకుంటుంది.

6. వర్చువల్ మెషిన్లు ఉంటే

గెస్ట్ (వర్చువల్ మెషిన్) లోపల అన్నీ సరిగ్గా పెట్టినా, హోస్ట్ (దాన్ని నడిపే అసలు మెషిన్) ఫ్లష్‌ను మింగేస్తే వృథా. వర్చువల్ మెషిన్లను నడిపే క్యూఈఎంయూ, కేవీఎంలలో డిస్క్ క్యాష్ మోడ్ అన్‌సేఫ్ అని ఉంటే గెస్ట్ పంపే ఫ్లష్‌లన్నీ గాల్లో కలుస్తాయి. ఇన్‌స్టాలేషన్ త్వరగా ముగియడానికి అది పెట్టి, తర్వాత మార్చడం మర్చిపోతారు. నన్ అనే మోడ్ వాడండి. పేరు చూసి క్యాష్‌లన్నీ ఆగిపోయాయని అనుకోవద్దు. అది హోస్ట్ పేజ్ క్యాష్‌ను మాత్రమే పక్కన పెడుతుంది, డిస్క్ క్యాష్ అలాగే ఉంటుంది, ఫ్లష్‌లు మాత్రం కిందకు వెళ్తాయి. రైట్ బ్యాక్ మోడ్ కూడా ఫ్లష్‌ను పాటిస్తుంది. తేడా వేగం, మెమరీ వాడకం దగ్గరే.

7. సాఫ్ట్‌వేర్ రెయిడ్, జెడ్ఎఫ్ఎస్

రెయిడ్ 5, 6లకు రైట్ హోల్ అనే జబ్బు ఉంది. ఒక స్ట్రైప్‌లో (డిస్కులన్నింటి మీదా పరిచిన ఒక వరుసలో) డేటా మార్చి, పారిటీ (పోయిన డిస్క్‌లోని డేటాను తిరిగి లెక్కగట్టే అదనపు సమాచారం) మార్చేలోగా కరెంటు పోతే రెండూ పొంతన లేకుండా మిగులుతాయి. ఆ తర్వాత ఒక డిస్క్ పోతే, తప్పుడు పారిటీ నుంచి తప్పుడు డేటా పుడుతుంది. హార్డ్‌వేర్ కార్డుకు కాపుదల ఉన్న క్యాష్ ఇవ్వడానికి ఇది పెద్ద కారణం. లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయిన ఎండీలో దీనికి రెండు దారులున్నాయి. రెయిడ్ 5, 6 దేనికైనా జర్నల్ డిస్క్ పెట్టుకోవచ్చు. రెయిడ్ 5 ఒక్కదానికి పీపీఎల్ అనే పద్ధతీ ఉంది. జర్నల్ పెడితే ఆ డిస్క్‌కు పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉండాలి. వీలుంటే డేటాబేస్‌కు రెయిడ్ 10 పెట్టండి. ఈ తలనొప్పి ఉండదు, చిన్న రాతలు కూడా వేగంగా సాగుతాయి.

రెయిడ్ పనిని కూడా తానే చేసే ఫైల్ సిస్టమ్ జెడ్ఎఫ్ఎస్ వాడేవాళ్లు రెయిడ్ కార్డు వద్దనుకోవాలి. హెచ్‌బీఏ చాలు, లేదా కార్డును, డిస్కులను నేరుగా చూపించే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్‌కు మార్చాలి. డిస్కులు నేరుగా కనిపిస్తేనే అది చెక్‌సమ్‌తో చెడిన కాపీని గుర్తుపట్టి, మంచి కాపీతో సరిచేయగలదు. ఫ్లష్‌లు కూడా తానే పంపుకుంటుంది. విడిగా లాగ్ డివైస్ పెడితే దానికి పవర్ లాస్ ప్రొటెక్షన్ తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు డేటాను నిలబెట్టడానికే ఉన్న పరికరం అదే కరెంటు కోతకు డేటా పోగొట్టుకుంటే దాన్ని పెట్టి ఏం లాభం?

సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో ఇంకో చిన్న సెట్టింగ్ చాలామంది చూడరు. చెడ్డ సెక్టార్ తగిలినప్పుడు మామూలు డెస్క్‌టాప్ డిస్క్ నిమిషం పైగా దాన్నే పట్టుకుని ప్రయత్నిస్తూ ఉండవచ్చు. లైనక్స్ మాత్రం 30 సెకన్లకే ఓపిక నశించి డిస్క్‌ను రీసెట్ చేస్తుంది. దాంతో ఒక్క సెక్టార్ కోసం డిస్క్ మొత్తం రెయిడ్ నుంచి బయటపడే ప్రమాదం ఉంది. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (డిస్క్ ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే) ఆప్షన్‌కు, సెకనులో పదో వంతుల లెక్కన, 70, 70 అని ఇవ్వండి. అంటే చదవడానికి, రాయడానికి ఏడేసి సెకన్లు. డిస్క్ ఒప్పుకోకపోతే కెర్నల్ టైమౌట్‌ను 180 సెకన్లకు పెంచండి. ఇదీ బూట్ స్క్రిప్ట్‌లో ఉండాల్సిందే.

8. కొలిచి చూడండి

7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు, సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు. ఒకే ఫైల్లో అదే చోట మళ్లీ మళ్లీ రాస్తూ ప్రతిసారీ ఎఫ్‌సింక్ ఇస్తే, ఆ చోటు తల కిందకు తిరిగి వచ్చేదాకా ఆగాలి. కాబట్టి నిజాయితీగా ఉండే డిస్క్ సెకనుకు 120కి మించి చేయలేదు. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ఆ డిస్క్ మీదున్న ఫైలుతో నడపండి. ఎఫ్‌డేటాసింక్ వరుసలో సెకనుకు వంద ఆ చుట్టుపక్కల కనిపిస్తే ఫ్లష్ పనిచేస్తోంది. బ్యాటరీ గానీ, కాపుదల ఉన్న క్యాష్ గానీ లేని అదే డిస్క్ మీద వేలల్లో కనిపిస్తే సంతోషించకండి. ఎక్కడో ఒక క్యాష్ అబద్ధం చెబుతోంది. మళ్లీ మూడో అడుగు నుంచి వెతకండి.

ఎస్ఎస్‌డీలకు ఇంత సులువైన హద్దు లేదు. వాటి విషయంలో తర్వాతి పరీక్షే దిక్కు.

9. ప్లగ్ పీకి చూడండి

ఇది సర్వర్ పనిలోకి దిగకముందే, అవసరమైన డేటా ఏదీ లేనప్పుడే చేయాలి. డేటాబేస్ ప్రాసెస్‌ను చంపడం, రీసెట్ బటన్ నొక్కడం, వర్చువల్ మెషిన్‌ను ఆపేయడం పరీక్ష కిందకు రావు. వాటిలో డిస్క్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, క్యాష్ మెల్లగా ఖాళీ అయిపోతుంది.

బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ రాసిన డిస్క్‌చెకర్ అనే పెర్ల్ స్క్రిప్ట్ ఇందుకే పుట్టింది. రెండు మెషిన్లు కావాలి. రెండో మెషిన్‌లో స్క్రిప్ట్‌ను వినే మోడ్‌లో పెట్టండి. పరీక్షించే సర్వర్‌లో అదే స్క్రిప్ట్‌కు రెండో మెషిన్ పేరు, క్రియేట్ అనే మాట, ఫైలు పేరు, మెగాబైట్లలో సైజు ఇవ్వండి. సర్వర్ ఒక్కో బ్లాక్ రాసి, ఎఫ్‌సింక్ అయ్యాక "ఇది రాశాను" అని రెండో మెషిన్‌కు చెబుతుంది. అక్కడ లెక్క ఉంటుంది. అలా నడుస్తుండగా పవర్ కేబుల్ పీకండి. రెండు పవర్ సప్లైలు ఉంటే రెండింటివీ ఒకేసారి. కొన్ని నిమిషాలు ఆగి, కేబుల్ పెట్టి, బూట్ చేసి, అదే స్క్రిప్ట్‌ను వెరిఫై అనే మాటతో నడపండి. రాశానని చెప్పి రాయని బ్లాకులు ఎన్ని ఉన్నాయో అది లెక్క చెబుతుంది. మొత్తం ఎర్రర్లు సున్నా రావాలి. ఒకటి వచ్చినా ఆ అమరిక పనికిరాదు.

ఒక్కసారి సున్నా వచ్చిందని ఆపకండి. లోడ్ పెంచి, తగ్గించి, చాలాసార్లు పీకండి. బ్యాటరీ కార్డు అయితే ఒక రాత్రంతా కేబుల్ తీసి ఉంచి కూడా చూడండి. చార్జ్ అయిదు నిమిషాలు నిలిచే బ్యాటరీ చిన్న పరీక్షలో పాసైపోతుంది.

10. నిఘా

బ్యాటరీ స్థితి, నడుస్తున్న క్యాష్ పాలసీ, డిస్క్ క్యాష్ ఈ మూడింటినీ రోజూ చదివే స్క్రిప్ట్ పెట్టి, మారితే మెయిల్ వచ్చేలా చేయండి. డిస్క్ మార్చిన రోజు మళ్లీ చూడండి, కొత్త డిస్క్ తన క్యాష్ ఆన్‌లో పెట్టుకుని రావచ్చు. కార్డు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినప్పుడూ అంతే. డిస్కుల్లో దాగిన లోపాలు వెతకడానికి కార్డులో పాట్రోల్ రీడ్, లైనక్స్‌లో నెలవారీ రెయిడ్ చెక్, జెడ్ఎఫ్ఎస్‌లో స్క్రబ్ ఆన్‌లో ఉంచండి. యూపీఎస్ ఉంటే నట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో కలిపి, చార్జ్ తగ్గగానే సర్వర్ దానంతట అదే షట్‌డౌన్ అయ్యేలా చూడండి. అలా కలపని యూపీఎస్ కరెంటు కోతను కాసేపు వాయిదా వేస్తుంది, అంతే.

చివరగా, ఏదో ఒక రోజు మెగారెయిడ్ లేదా పెర్క్ కార్డు బూట్ సమయంలో ప్రిజర్వ్‌డ్ క్యాష్ ఉందని చెప్పి ఆగవచ్చు, పిన్డ్ క్యాష్ అని కూడా అంటారు. ఒక వర్చువల్ డిస్క్ కనిపించకుండా పోయింది, దానికి రాయాల్సిన డేటా ఇంకా నా దగ్గరే ఉంది అని దాని అర్థం. డిస్కార్డ్ నొక్కితే బూట్ ముందుకు సాగుతుంది కాబట్టి చేయి అటే పోతుంది. నొక్కకండి. ముందు మెషిన్ ఆపి, డిస్కులు, కేబుళ్లు, బ్యాక్‌ప్లేన్ (డిస్కులు గుచ్చే బోర్డు) సరిగ్గా కూర్చున్నాయో చూడండి. ఆ డిస్కులు మళ్లీ కనిపించి ఫారిన్ కాన్ఫిగరేషన్ అని అడిగితే క్లియర్ కాదు, ఇంపోర్ట్ ఎంచుకోండి. వర్చువల్ డిస్క్ తిరిగి రాగానే కార్డు తన దగ్గర ఉన్నదాన్ని దానిలో రాసేస్తుంది. ఆ డిస్కులు ఇక రావని తేలిపోయి, బ్యాకప్ నుంచి తెచ్చుకోవడానికి సిద్ధమయ్యాకే డిస్కార్డ్ నొక్కాలి.